సూచికలో లేని పేరు

నాలుగింటికల్లా కాగితాలు చేతికి అందాలన్నాడు భూసేకరణ ఆఫీసు గుమాస్తా. ఆ మాట చెప్పింది మధ్యాహ్నం రెండున్నరకు.

"ముందల సూచిక ఉండాలె. ఎవరి వాంగ్మూలం ఏ పేజీల ఉన్నదో అండ్ల రాయాలె. సారు అది చూసే పేర్లు పిలుస్తడు. అండ్ల లేనోళ్లను పిలువడు" అని, జమున నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేశాడు. నెల రోజులు నోరు మెదపని మనిషికి సూచిక ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట!

మహదేవపూర్ దగ్గరి తండాలో ముప్పై ఒక్క ఇళ్లు కొత్త కాలువ కిందకు పోతున్నాయి. ఈరోజు విచారణలో తమ గోడు చెప్పుకున్నవాళ్లకే వేరేచోట ఇంటి జాగా. ఇంటింటికీ తిరిగి అందరి మాటలూ రాసుకున్నది ఆ తండా పిల్ల జమునే. ఆ రాతంతా ఆన్‌లైన్ డాక్యుమెంటులో ఉంది. ఆమె భూపాలపల్లి నెట్ సెంటర్లో కూర్చుని టైపు చేస్తుంటే, జనగామ నుంచి లాయరు సంజయ్ అదే డాక్యుమెంటు తెరిచి దిద్దుతుంటాడు.

ఇన్సర్ట్ మెనూలోకి వెళ్లి విషయసూచిక నొక్కింది. ఒక్క పేరూ రాలేదు. ఖాళీ డబ్బా ఒకటి వచ్చి కూర్చుంది. జమున వెంటనే సంజయ్‌కి ఫోన్ కలిపింది.

"పేర్లన్నీ పెద్దగ చేసిన కదన్నా. లావుగ గూడ చేసిన."

"గట్ల చేస్తే మన కండ్లకు కనబడుతది చెల్లె, మిషిన్‌కు ఎట్ల తెలుస్తది? ఒక్కొక్క పేరు మీద కర్సర్ పెట్టి, పైన 'నార్మల్ టెక్స్ట్' అని ఉన్నకాడ 'హెడింగ్ 1' అని మార్చు. పరేషాన్ గాకు, జర నిమ్మలంగ చెయ్యి."

నిమ్మలంగా అట! జనగామలో ఫ్యాను కింద కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. జమున పళ్లు బిగబట్టి ఒక్కో పేజీ దిగుతూ పోయింది. ప్రతి పేజీ మీదా ఇంటిపెద్ద పేరు, దాని కింద వాళ్ల మాటలు. నెట్ రెండుసార్లు పోయి వచ్చింది. ఆఖరి పేరు దాకా మార్చి, సూచిక పక్కనున్న గుండ్రటి బాణం గుర్తు నొక్కేసరికి మూడూ ఇరవై ఐదు.

పేర్లు బారుగా పడ్డాయి, ఎదురుగా పేజీ అంకెలతో సహా. లెక్కపెట్టింది. ముప్పై. తెర మీద వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టింది. ముప్పయ్యే.

"ఒకరు తప్పిండ్రన్నా" అని సంజయ్‌కి మళ్లీ ఫోన్ చేసి చెప్పింది.

ఆ తప్పినవాళ్లెవరో పంతొమ్మిదో పేజీలో దొరికింది. అది సోని చిన్నమ్మ వాంగ్మూలం. మాటలన్నీ ఉన్నాయి, పైన పేరు ఉండాల్సిన గీత మాత్రం ఖాళీ. వాంగ్మూలం రాసుకున్ననాడు, ఇల్లు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉందని, ఆయన పేరేమిటని అడిగితే సోని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "మొగని పేరు నోట్ల ఎట్ల తియ్యాలె బిడ్డా? గాయన అని రాసుకో" అంది. రేషన్ కార్డు చూసి నింపుదాంలే అని జమున ఆ గీత వదిలేసింది, ఆనక మరిచే పోయింది. ఇందాక ఆ ఖాళీకే హెడింగ్ పెట్టింది. ఖాళీని సూచిక పట్టించుకోలేదు. తన బద్ధకానికి చిన్నమ్మకు ఇంటి జాగా పోయేదే కదా అనుకుంటే జమునకు ఏడుపొచ్చింది.

తండా వాళ్లంతా అప్పటికే ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్లలో దస్రుకు ఫోన్ చేసి అడిగింది. దస్రు చెప్పాడు: "అమర్‌సింగ్." వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లేలోగా, పక్కనే ఉన్న సోని ఫోన్ లాక్కుంది. ఇద్దరూ తమ తండా భాషలోనే మాట్లాడుకున్నారు.

"ఆయన పేరు ఎందుకే?"

"పేరు లేకుంటే పిలువరు చిన్నమ్మా."

"ఆయన పేరు పిలిస్తే నేనెట్ల పలుకాలె? సచ్చిపోయినోని పేరుకు నేను ఉన్న అనాల్నా? ఆయన పోయి ఏడేండ్లాయె, ఆ ఇంట్ల ఉన్నది నేను. నా పేరే పెట్టు."

జమున ఆ ఫోన్ పెట్టేసి సంజయ్‌కి కలిపి అడిగింది. "ఇల్లు కాగితంల ఆయన పేరు మీదనే ఉన్నది. ఆమె పేరు కింద గాయన పేరు మామూలు అక్షరాలల్ల రాయి. హెడింగ్ మాత్రం ఆమెదే పెట్టు" అన్నాడు.

టైపు చేసింది. బాణం నొక్కింది. ముప్పై ఒకటి.

ప్రింటు కాగితాలు గుండెకు అదుముకుని ఆటో ఎక్కి, నాలుగుకు ఐదు నిమిషాలుండగా గుమాస్తా బల్ల మీద పడేసింది. అతను ముందు గడియారం చూశాడు, తర్వాత సూచిక.

అధికారి ఒక్కో పేరూ చదువుతుంటే తలుపు పక్కన జమున వేళ్ల మీద లెక్కపెడుతూ నిలబడింది. పద్దెనిమిది అయింది.

"పంతొమ్మిదో పేజీ. బానోతు సోని."

ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆ పేరు పిలిచి ఎరగరు. ఆమె లేచి, తల మీది కొంగు సర్దుకుని, గది అంతా వినబడేలా పలికింది.

"ఉన్న సారూ. నేనే."