అన్న పట్టుకున్న షీటు

తమ్ముడు పడకగదిలో నిచ్చెన వేసేసరికి వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అన్న పోయినప్పటినుంచి ఆవిడ ఆ గదిలో పడుకోదు, హాల్లో చాప మీదే నడుం వాలుస్తుంది. మంచం పైనున్న సీలింగు షీటు బానపొట్టలా కిందికి జారింది మరి.

“అదొక్కటీ బాగుచేసిపెట్టు. కింద పడుకోలేక నడుం విరిగిపోతోందయ్యా,” అంది.

ఆ ఇంటి సీలింగంతా అన్నదమ్ములిద్దరూ కలిసి వేసిందే. అన్న ఉత్త మొండిఘటం. ఊతకర్ర పెట్టుకుందామంటే వినేవాడు కాదు. చెక్క షీటును నెత్తితో ఎత్తిపట్టేవాడు, తమ్ముడు మేకులు కొట్టేవాడు. “బిగిసిందన్నయ్యా, వదులు” అని తమ్ముడు అనేదాకా తల తీసేవాడు కాదు. అందుకే ప్రతి షీటుకూ గుండ్రటి నూనె మరక. “నా సంతకంరా అది!” అని నవ్వేవాడు.

ఈ ఆఖరి షీటుకు తమ్ముడు మేకులన్నీ కొట్టాడు గానీ ఆ మాట అనడం కాలేదు. నోరు తెరిచేలోపే అన్న నిచ్చెన మీదే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

ఇప్పుడు తమ్ముడు పైకెక్కి షీటు అంచు తడిమాడు. మేకులన్నీ తుప్పుపట్టి తలలు ఊడిపోయాయి. ఎప్పుడో మంచం మీద పడాల్సిన షీటు అది.

“వదినా, ఒక్క మేకుకీ పట్టు లేదు.”

“పట్టుకున్నది మేకులు కాదని నాకు తెలుసు. అందుకే గదా కన్ను మూతపడనిది.”

మరక ముట్టుకుంటే వేళ్లకు నూనె అంటింది. ఇప్పుడే అంటినట్టు తడి నూనె. తమ్ముడిదా, నున్నటి గుండు. నూనె రాసుకునే భాగ్యం దానికి ఏనాడో పోయింది.

షీటుకు అరచెయ్యి ఆనించాడు. ఎత్తకముందే అది తనంతట తాను లేచి దూలానికి ఆనుకుంది. గబగబా స్క్రూలు బిగించాడు. లాగి చూస్తే కదల్లేదు.

“బిగిసిందా?”

“ఆఁ, బిగిసింది వదినా.”

“నాకు కాదయ్యా. ఆయనకి చెప్పు.”

తమ్ముడు షీటు మీంచి చెయ్యి తియ్యలేదు. చెబితే అన్న వెళ్లిపోతాడు. చెప్పకపోతే ఇంకాసేపైనా ఇలా పక్కనే ఉంటాడు కదా అని ఆశ. కిందికి చూశాడు. నిద్రలేక వదిన మొహం పీక్కుపోయి ఉంది.

“బిగిసిందన్నయ్యా,” అన్నాడు ఏడుస్తూ. “వదులు.”

నూనె వాసన ఒక్కసారి గుప్పుమంది. నిచ్చెన మెట్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. తమ్ముడు మాత్రం పై మెట్టు మీదే ఉన్నాడు.