కరెంటు వచ్చాక చేసే ఫోను

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కాసేపటికి అత్తగారు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, వాడు పలకడం లేదే!"

టీచరమ్మ భర్త పోయింది చలికాలంలో. ఇప్పుడు ఎండలు ముదిరాయి. అత్తగారు ఏమంటోందో తట్టడానికి ఒక క్షణం పట్టింది.

వేరే ఊళ్లో ఉండే అత్తగారికి చూపు మందగించి చాలా కాలమైంది. ఆవిడ కోసం ఆయన కథల పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేవాడు. అవన్నీ మెట్ల కింద గూట్లో ఉన్న చిన్న కంప్యూటర్లో దాచాడు. దానికి ఇంటర్‌నెట్‌లో ఒక పేరు కూడా పెట్టాడు. ఆవిడ తన ఫోన్‌లో పెద్ద పచ్చ గుర్తు నొక్కితే చాలు, ఆ పేరు పట్టుకుని ఫోను ఇక్కడిదాకా వచ్చి, ఆయన గొంతును అక్కడ వినిపించేది.

"ఫోన్ ఏమంటోంది అత్తయ్యా?"

"ఏమంటుంది? గుండ్రంగా తిరుగుతోందట. పక్కింటావిడ చూసి చెప్పింది."

"పోనీ, ఆ కథలన్నీ మీ ఫోన్‌లోకే ఎక్కించి పెట్టనా?"

"డబ్బాలో పోసి మూత పెట్టినట్టా? వద్దే తల్లీ. వాడు వాడింట్లో కూచుని చదువుతుంటే నేనిక్కడ వింటున్నట్టుండాలి. నాకదే కావాలి."

ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. టీచరమ్మ వాదించలేదు. గూటి తలుపు తీసి చూసింది. కంప్యూటరు దీపం వెలుగుతూనే ఉంది, సన్నగా గురక పెడుతూనే ఉంది. బతికే ఉండి పలకకపోవడమేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

మర్నాడు స్టాఫ్ రూములో కంప్యూటర్ మాస్టారిని అడిగింది.

"ఇంటర్‌నెట్ కంపెనీ మన ఇంటికిచ్చే నంబరు సొంతిల్లు కాదు మేడం, అద్దె కొంప. కరెంటు పోయి వస్తే ఒక్కోసారి మారిపోతుంది. పేరేమో పాత నంబరునే చూపిస్తూ కూచుంటుంది. మారినప్పుడల్లా ఆ పేరు నమోదైన చోట కొత్త నంబరు చెప్పాలి."

"మరి ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు?"

"సారు దానికో స్క్రిప్టు, అదే చిన్న ప్రోగ్రాము, రాసే ఉంటారు. ఓ పది వరసలుంటుందేమో. కాసేపటికోసారి దానంతటదే లేచి చూసుకుంటుంది. సారుకది ఎడమచేతి పని కదండీ."

నిజమే. ఆయన ఆఫీసులకు నెట్‌వర్కులు వేసి బతికినవాడు. ఎంతమందికో ఇలాంటివి రాసిచ్చాడు. మాస్టారు చెప్పిన గుర్తులు పట్టుకుని ఆమె సాయంత్రమంతా కంప్యూటరు గాలించింది. అలాంటిదేమీ లేదు. ఊరందరికీ రాసిచ్చిన మనిషి సొంత ఇంటికి రాసుకోలేదు. బద్ధకమా? ఆయన ఒంట్లో ఆ గుణమే లేదు. మరుపా? ప్రతి వానాకాలం కరెంటు గుర్తుచేస్తూనే ఉండేది. అంటే ఎప్పటికప్పుడు చేత్తోనే మార్చాడు; ఆయన పోయాక నంబరు మారడం ఇదే మొదలు. కరెంటు రాగానే తింటున్న కంచం వదిలి గూటి దగ్గరికి పరిగెత్తేవాడు. "వెళ్లండి, వెళ్లండి, మీ రెండో సంసారం పిలుస్తోంది" అని ఆమె ఎగతాళి చేసేది. అక్కడేం చేస్తున్నాడో ఏనాడూ వెళ్లి చూడలేదు.

తెలిసినవాడు ఎందుకు రాసుకోలేదు? ఆ ప్రశ్న పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

"నేను రాసిస్తాను మేడం, అరగంట పని" అన్నాడు మాస్టారు మర్నాడు.

"వద్దు. ఎలా రాయాలో చెప్పండి, చాలు."

"పంతులమ్మ చాదస్తం!" అని నవ్వి చెప్పాడు. ఇంటి నంబరేదో తెలుసుకోవాలి. మారిందేమో చూడాలి. మారితే కబురు పంపాలి. అంతే.

ఆమె రాసింది. తప్పు వచ్చిన చోటల్లా ఆగి, పిల్లల కాపీలు దిద్దినట్టు మొదటినుంచీ చదువుకుంటూ దిద్దింది. నంబరు కోసం ఆ కంప్యూటరునే అడిగింది. అది బుద్ధిగా చెప్పింది. చెప్పినదాన్ని పేరుకు తగిలించి, మెట్ల మీద కూచుని తన ఫోన్‌లో నొక్కింది. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తరవాత, "అమ్మా, నిన్న ఎక్కడ ఆపాం?"

ఆమె ఆపేసింది. అత్తగారికి ఫోన్ చేసింది.

"నొక్కండి అత్తయ్యా."

"నొక్కాను. తిరుగుతోంది."

మళ్లీ నొక్కించింది. ఇక్కడ పలికేది అక్కడ పలకదు. ఇదేం మాయ?

స్టాఫ్ రూములో మాస్టారు విని పడీపడీ నవ్వాడు. "ఇంట్లో మనం బుజ్జిగాడని పిలుచుకుంటాం మేడం. వీధి చివరికెళ్లి బుజ్జిగాడి ఇల్లెక్కడని అడిగితే ఎవరు చెబుతారు? కంప్యూటరు చెప్పింది ఇంటి లోపలి నంబరు. మీరూ లోపలే కూచుని నొక్కారు కాబట్టి పలికింది. బయటికి మన ఇల్లు ఏ నంబరుతో కనిపిస్తోందో బయటివాళ్లనే అడగాలి."

"అంటే ప్రశ్న నాదే, జవాబు నాదే, దిద్దిందీ నేనే."

"నూటికి నూరూ వేసుకున్నారు!"

ఆమెకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన ఆ నవ్వు తన చెవికే కొత్తగా వినిపించి, తలవంచుకుని కాపీలు సర్దుకుంది.

ఈసారి బయటి సర్వరును అడిగేలా వరస మార్చింది. ఫోన్‌లో వైఫై తీసేసి, వీధి మలుపు దాకా నడిచి వెళ్లి నొక్కింది. పలికింది. అయినా నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి ఇంటర్‌నెట్ పెట్టె ప్లగ్గు తనే పీకి, కాసేపాగి మళ్లీ పెట్టింది. నంబరు మారింది. ఆమె చేతులు కట్టుకుని చూస్తుండగానే స్క్రిప్టు లేచింది, తేడా కనిపెట్టింది, కబురు పంపింది.

"ఇప్పుడు నొక్కండి అత్తయ్యా."

అవతలినుంచి గొంతు సవరించుకున్న చప్పుడు లీలగా వినిపించింది.

"వచ్చాడే! వచ్చాడు!" అంది అత్తగారు. విని విని, చివరికి ఆపి, "ఇక కరెంటు పోయినా భయం లేదంటావ్?"

"లేదత్తయ్యా. దానంతటదే చేసుకుంటుంది. మీరు చెప్పక్కర్లేదు, నేను చూడక్కర్లేదు."

"మంచిదే" అంది ఆవిడ. "వాడికీ చెప్పానే ఒకసారి. నీకొచ్చిన విద్యే కదరా, ప్రతిసారీ లేచెళ్లే బదులు అదే చేసుకునేలా చెయ్యరాదూ అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'అప్పుడు నీకు ఫోన్ చెయ్యడానికి నాకేం వంక ఉంటుందే' అన్నాడు. కరెంటు రాగానే చేసేవాడు, 'అమ్మా, వినబడుతోందా' అని. అవతల పప్పు మాడుతున్నా ఫోన్ పెట్టనిచ్చేవాడు కాదు."

టీచరమ్మ గూటివైపు చూసింది. పంటి కింది రాయి కరిగింది. "ఉంటానత్తయ్యా" అని ఫోన్ పెట్టేసింది.

తరవాతి వారం గాలివాన పట్టుకుని కరెంటు పోయింది. ఆమె కిటికీలు మూసి, చీకట్లో కూచుని కాపీల కట్ట ఒళ్లో పెట్టుకుంది. కరెంటు వచ్చింది. గూట్లో కంప్యూటరు తన పని తాను చూసుకుంది. ఆమె లేచి ఫోను తీసింది.

"అత్తయ్యా, వినబడుతోందా?"

"వినబడి చాలాసేపయింది. నువ్వింకా చెయ్యలేదేమా అని చూస్తున్నాను. ఏం వండావివాళ?"