చెరువడుగు గడప

ఆ వేసవంతా చినుకు రాలలేదు. ఇంగ్లీషు పల్లె స్నెత్‌కోట్‌లో పెద్దబంగళా ముందున్న చెరువు ఎండిపోయి, కుళ్ళిన చేపల కంపు గుప్పెడిళ్ళ పల్లెను కమ్మేసింది. బురదలోంచి పాత పల్లె పునాదులు తేలాయి.

మేవిస్ ఆల్‌డ్రెడ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూడబోయింది. ఏనాడో బంగళా కిటికీలోంచి ఆ గుడిసెలు కనబడటం అప్పటి దొరకి కంటగింపై, ఇళ్ళు కూల్పించి చెరువు తవ్వించాడట. అప్పుడు కదల్లేని ఒక బాలింతను తలుపుచెక్క మీద పడుకోబెట్టి మోసుకుపోయారట. ఆ బాలింత తమ వంశంలోదేనని నాయనమ్మ చెప్పేది.

పక్కింటి డెస్మండ్ పర్కిస్ గడ్డిటోపీ పెట్టుకుని, చూడవచ్చిన వాళ్ళకి పల్లె చరిత్ర చెబుతున్నాడు.

"దొరగారిది వెన్నలాంటి మనసండీ! అందరికీ కొత్త ఇళ్ళు కట్టించాడు. జనం నవ్వుకుంటూ వెళ్ళారు."

"ఎవరికి కట్టించాడు డెస్మండ్? సగం మంది దిక్కులేనివాళ్ళ సత్రంలో చచ్చారు," అంది మేవిస్.

"మొదలెట్టావా తల్లీ! సరదాగా చూడ్డానికొచ్చారు వీళ్ళు. ఆ ఏడుపెవరిక్కావాలి?"

జనం నవ్వారు. ఒకాయన పొయ్యిరాయి మీద కూర్చుని శాండ్‌విచ్ నములుతున్నాడు. డెస్మండ్ గునపంతో ఒక గడపరాయిని పెకలించాడు.

"మా తోటలో పిట్టలు నీళ్ళు తాగే తొట్టి కింద వేస్తే అదిరిపోద్ది!"

మేవిస్ మోకాలిలోతు బురదలోకి దిగి ఆ రాయి మీద చతికిలబడింది.

"ఎత్తు. నన్ను కూడా కలిపి ఎత్తు. మా గడపల మీంచి మమ్మల్ని లేపడం మీలాంటివాళ్ళకి అలవాటేగా!"

"పాపం, ఎండదెబ్బ," అని జనానికి కన్నుకొట్టి వెళ్ళిపోయాడు డెస్మండ్.

పొద్దువాలేదాకా కూర్చుని ఇంటికొచ్చింది. తెల్లారి చెరువులో చూస్తే రాయి లేదు. కంచె అవతల డెస్మండ్ తోటలో, శుభ్రంగా కడిగి, పిట్టలతొట్టి కింద వేసి ఉంది. ఎన్ని పాదాలు తొక్కాయో, మధ్యలో అరిగి గుంటపడింది. ఆ గుంటలో పిట్టరెట్ట.

"బాగుంది కదూ?" అంది డెస్మండ్ భార్య లోర్నా. "రా, టీ తాగుదువుగాని."

"మీ ఇంటి టీ నా గొంతు దిగదు లోర్నా."

వానలు పడి చెరువు నిండింది. రాయి తిరిగి రాలేదు. తర్వాతి ఆదివారం డెస్మండ్ జనాన్ని వెంటేసుకుని మేవిస్ గేటు ముందు నుంచి పోతుంటే ఆమె బయటికొచ్చి కేకేసింది.

"దొర వెన్నమనసు విన్నారుగా! బాలింత సంగతి కూడా వినేవాళ్ళుంటే ఇటు రండి!"

డెస్మండ్ తల తిప్పకుండా నడిచాడు. ఇద్దరాడవాళ్ళు మాత్రం ఆగిపోయారు.