తురాబ్ ఓతా చేతి ముద్ద

తురాబ్ ఓతా చేతి ముద్ద తినని పెళ్లికొడుకు కొకంద్‌లో ఉన్నాడంటే, వాడికి పెళ్లే కాలేదనుకోవాలి. ఆ ఊళ్లో ఏ పెళ్లికైనా పలావు దించింది ఆయనే. పళ్లెం అడుగున మిగిలిన అన్నం, మాంసం, కొవ్వు కలిపి, నాలుగు వేళ్ల మీదికి తీసుకుని, బొటనవేలితో ఎదుటివాడి నోట్లోకి నెట్టేవాడు. పెద్దవాళ్లు అలా నోటికి అందిస్తే వద్దనేంత మర్యాద తెలియనివాడు ఆ ఊళ్లో ఎవడూ లేడు. మీసాలు మెలేసే మొనగాళ్లు కూడా పిచ్చుకపిల్లల్లా నోళ్లు తెరిచేవాళ్లు.

ఇప్పుడాయన వంటలు మానేశాడు. ఆయన చేతి ముద్ద తినేది ఇంట్లోని పిల్లి ఒక్కటే. బూడిదరంగూ తెలుపూ కలగలిసిన దాని ఒళ్లు పెసలూ బియ్యమూ కలిపి పోసినట్టుందని, పోయిన ఇల్లాలు దానికి మోష్‌గురూచ్ అని, ఆ రెండూ కలిపి వండే వంటకం పేరే పెట్టింది. అందరూ మోష్ అనే పిలుస్తారు. అది కూడా ముసలిదైంది. ఎంత తిన్నా చిక్కిపోతూ, కుదురుగా పడుకోకుండా ఇల్లంతా కాలుగాలిన దానిలా తిరుగుతుంటే పశువుల డాక్టరు నోసిర్‌కు చూపించారు. గొంతులో గ్రంథి చెడిందని చెప్పాడాయన.

"పొద్దున అర మాత్ర, సాయంత్రం అర మాత్ర. ఎన్నాళ్లు అని అడక్కండి, బతికినన్నాళ్లూ. మానేశారా, గుండె దడదడలాడి అలాగే పోతుంది."

"తినిపించే సంగతి నాకొదిలెయ్ నోసిర్. ఈ చేత్తో నీకూ పెట్టాను, మర్చిపోయావా?" అన్నాడు తురాబ్ ఓతా.

అన్నట్టే చేశాడు. గొర్రెతోక కొవ్వు ముక్కలో మాత్ర దూర్చి, "దయచెయ్యండి అతిథిగారూ" అంటూ అందిస్తే మోష్ గుటుక్కున మింగేది. నెలలు గడిచేసరికి ఒళ్లు చేసింది, ఎండలో కాళ్లు బారచాపి నిద్రపోవడం మళ్లీ మొదలుపెట్టింది. దాన్ని చూసి ఆయన కూడా నాలుగు మెతుకులు ఎక్కువ తినేవాడు.

ఈ ఏడు ఆప్రికాట్లు రాలే రోజుల్లో పిల్లి మళ్లీ ఎముకలగూడైంది. డాక్టరు దాన్ని తడిమి చూసి, "మాత్ర లోపలికే పోతోందా?" అని అడిగాడు.

"నా చేతి మీదే అనుమానమా?" అని ముసలాయన ఇంతెత్తున లేచాడు. డాక్టరు వచ్చే వారం నుంచి మందు రెట్టింపు చేద్దామన్నాడు.

మర్నాడు కోడలు సబోహత్ ద్రాక్షపందిరి కింద చెక్కమంచం మీది బొంతలు దులుపుతుంటే అర మాత్ర ఒకటి జారిపడింది. ఇంకో బొంత ఎత్తితే గుప్పెడున్నాయి. సాయంత్రం వంటింటి తలుపు చాటున నిలబడి చూసింది. మామగారి చెయ్యి చలికి వణికినట్టు వణుకుతోంది. కొవ్వు పిల్లి నోట్లో, మాత్ర బొంత మీద. ఆయన అటూ ఇటూ చూసి దాన్ని బొంత కిందికి తోసేశాడు.

"మీ నాన్నగారికి మీరే చెప్పండి" అంది రాత్రి భోజనాల దగ్గర మొగుడితో.

"నేనా? నీ చెయ్యి పనికిరాదు నాన్నా అని తురాబ్ వంటవాడితో అనాలా? నాకింకా బతకాలనుందే" అన్నాడు ఎల్మురోద్. బస్సు నడిపేవాడికి ఊరందరి మీదా అరిచే గొంతుంది, తండ్రి ముందు మాత్రం పెగలదు.

చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే పిల్లి పోతుంది, పిల్లితో పాటు అత్తగారి జ్ఞాపకంగా ఇంట్లో మిగిలిన ఆ కాస్త కళా పోతుంది. సబోహత్ తనే దొంగతనంగా మందు వేద్దామని దొడ్డిలో మోష్‌ను ఒడిసిపట్టుకుంది. అంత చిక్కిన జీవంలో ఆ బలం ఎక్కడ దాగిందో గానీ, ముంజేయంతా గీరిపెట్టి గోడెక్కి కూర్చుంది.

టీ పోస్తున్న కోడలి చేతి మీది గీతలు ముసలాయన కంటబడ్డాయి.

"ఏమిటమ్మా అవి?"

"గులాబీ ముళ్లు గీసుకున్నాయి దదాజాన్."

"మనింట్లో గులాబీలెక్కడివి?"

సబోహత్ చేతిని వెనక్కి లాక్కుంది. ఆయన కప్పు దించి, బొంత అంచు ఎత్తి చూశాడు. శుభ్రంగా దులిపి ఉంది. తర్వాత తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"గురువారం పలావు వండు. వండి, నా ఎదురుగా వచ్చి కూర్చో" అన్నాడు.

గురువారం పళ్లెం మధ్యన పెట్టి, ఒక అంచున బెరుగ్గా కూర్చుంది సబోహత్.

"ఊఁ, పెట్టు."

"ఎవరికి?"

"నాకే. మనిషికి పెట్టడం రానివాళ్లకి పిల్లికేం వస్తుంది?"

ఆమె ముఖం కందిపోయింది. మామగారి నోటికి కోడలు ముద్ద అందించడం ఎక్కడా చూడలేదు. పెద్దవాళ్లు పెడితే చిన్నవాళ్లు తింటారు గానీ, ఇదేం చోద్యం? ఆయన కళ్లు మూసుకుని నోరు తెరిచి కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చోబెడుతుంది? ముద్ద చేసి అందించింది. సగం గడ్డంలో పడింది.

"గోడకి సున్నం వేస్తున్నావా? కొంచెమే తియ్యి. వేళ్లు కలిపి పట్టు. బొటనవేలితో నెట్టు. భయపడకు, కరవను, పళ్లు లేవు."

సబోహత్‌కు నవ్వొచ్చింది. నవ్వుతో చెయ్యి కుదురుకుంది. తర్వాతి ముద్ద ఒక్క మెతుకు రాలకుండా నోట్లోకి పోయింది. ఆ తర్వాతిదీ పోయింది. కొన్నాళ్లుగా "పలావు అరగడం లేదు, రొట్టె చాలు" అంటూ వచ్చిన మనిషి ఇంత ఆకలిగా తింటుంటే ఆమెకు అప్పుడర్థమైంది. రొట్టె అయితే చేతిలోంచి రాలదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు అసలు అతిథిని పిలువు" అన్నాడాయన.

వాసనకు మోష్ అప్పటికే మంచమెక్కింది. ముసలాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు. సబోహత్ కొవ్వులో మాత్ర దూర్చి, వేళ్లు కలిపి, "దయచెయ్యండి అతిథిగారూ" అంది. బొటనవేలితో నెట్టింది. మోష్ గుటుక్కున మింగి, మూతి నాక్కుంది.

"ద్రోహి! ఒక్కరోజులో చెయ్యి మార్చేసింది" అన్నాడు తురాబ్ ఓతా. ముఖంలో మాత్రం తృప్తే ఉంది. "నోసిర్‌తో చెప్పు, రెట్టింపు మందు అక్కర్లేదని."

సబోహత్ పళ్లెం తీయబోయింది.

"ఎక్కడికి తీస్తున్నావ్? పిల్లికి రోజుకి రెండుసార్లే తల్లీ. నాకు ఆకలేసినప్పుడల్లా పెట్టాలి."

అని మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు.