తుడవని డబ్బాలు

నీకు సిగ్గుందా? నిన్నే అడుగుతున్నాను. జేబులో కెమెరా ఫోను పెట్టుకుని తిరుగుతావు. కొత్త చొక్కాను ఫోటో తీస్తావు, పక్కింటి కుక్కపిల్లను తీస్తావు. నడిరోడ్డు మీద ఖాకీ బట్టలవాడు ఒక మనిషిని కొడుతుంటే మాత్రం నీకు పనులన్నీ అప్పుడే గుర్తొస్తాయి. ఆ రోజు మోండా మార్కెట్లో నీలాంటివాళ్లు నలభైమంది ఉన్నారు. కూర్చుని విను.

మార్కెట్లో అనసూయమ్మది స్టీలు సామాన్ల కొట్టు. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తేది. బిందెలు మెట్ల మీద పేర్చి, టిఫిన్ డబ్బాలు తాడుకు గుచ్చి కొట్టు ముందర వేలాడదీసేది. అమ్మిన ప్రతి గిన్నెనూ కవర్లో వేసేముందు నిమ్మతొక్కను బూడిదలో అద్ది లోపలంతా రుద్దేది. అలా రుద్దకపోతే, కొట్లో ఉన్నన్నాళ్లూ గిన్నె చూసినదంతా వేడి అన్నం పడగానే పైకి తేలుతుంది. అందుకే ఆడవాళ్లు గిన్నెకు సొట్ట ఉందేమో చూసుకున్నట్టే తుడుపూ చూసుకునేవాళ్లు.

"జెర గట్టిగ తుడువు అక్కా. పోయినసారి మా పప్పుగిన్నెల ఎవడో నిలబడి ముక్కు చీదిండు" అని కాప్రా నుంచి వచ్చే ఒకావిడ ప్రతిసారీ గుర్తుచేసేది.

మారేడ్‌పల్లిలో అనసూయమ్మ ఇంటి మీది పోర్షన్లో దేవిక అద్దెకుండేది. పార్వతీపురం పిల్ల. బేగంపేటలో కంప్యూటరు ఉద్యోగం. అవి వీధికో కంప్యూటర్ కోచింగ్ బోర్డు వెలిసిన రోజులు. ఆదివారాలు ఊరికే ఉండలేక కొట్లో కూర్చుని, మిషనుతో గిన్నెల మీద పేర్లు వేసేది. గుండ్రటి అక్షరాలు. ఆమె చేతిరాత కోసమే కొందరు ఆదివారం దాకా ఆగేవాళ్లు.

ఒక ఆదివారం పదకొండు గంటలకు పర్వతాలు అనే హమాలీ ఉల్లిగడ్డల బండి తోసుకొస్తున్నాడు. వెనక ఎస్సై మల్హర్‌రావు జీపు హారన్ కొట్టింది. జెర ఆగండి సార్, బరువుంది అన్నాడు పర్వతాలు. అంతే అన్నాడు. ఎస్సై దిగి లాఠీతో కొట్టాడు. పడిపోయాక కూడా కొట్టాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగిన చప్పుడు కొట్టు దాకా వినిపించింది. నలభైమంది కూరగాయలు ఏరుకుంటూనే ఉన్నారు. అనసూయమ్మ మూత వెతకడానికి లోపలికి వెళ్లింది. దేవిక ఫోను తీసి మొత్తం రికార్డు చేసింది.

మల్హర్‌రావు నెమ్మదిగా వచ్చి చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియలేదు. అతను వీడియో చూసి, చెరిపి, ఫోను తిరిగిచ్చాడు.

"ఫోన్ మంచిగున్నది. ఇంటికి మాట్లాడనీకి కొన్నవా, సినిమాలు తీయనీకి కొన్నవా?"

మర్నాడు స్టేషనుకు పిలిపించారు. ఆమె పాస్‌పోర్టు వెరిఫికేషన్ ఫైలు ఎస్సై టేబుల్ మీదే ఉంది. కంపెనీవాళ్లు అందరినీ పాస్‌పోర్టు తెచ్చుకోమన్నారు. లేనివాళ్లను ప్రాజెక్టులో ఉంచరు. ఫైలు పక్కన ఇంకో కాగితం ఉంది. ఆదివారం తాను ఏమీ చూడలేదని అందులో రాసుంది. దేవిక సంతకం చేసింది.

సాయంత్రం ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్లో చెప్పింది. "మనకెందుకే ఆ గొడవ. ఊరుగాని ఊర్లో ఉన్నావు. నోరు మూసుకోని ఉజ్జోగం చేసుకో" అంది సత్యవేణి. దేవిక సరేనంది. అన్నం తింది. పడుకుంది. తర్వాత మూడు వారాలు అలాగే తింది, అలాగే పడుకుంది. ఏమీ అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు మనిషంతా తిమ్మిరెక్కి ఉంది.

పర్వతాలు మీద, డ్యూటీలో ఉన్న పోలీసును కొట్టాడని కేసు పెట్టారు. విరిగిన చేత్తోనే జైలుకు పోయాడు. అతని భార్య విమలమ్మ రోజూ వచ్చి అనసూయమ్మ కొట్టు మెట్టు మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. తలెత్తి వేలాడే డబ్బాలను చూసేది. ఆ ఆదివారం అవి వీధి వైపు తిరిగే ఉన్నాయి. మూడు వారాలుగా వాటిని ఎవరూ కొనలేదు. కొనలేదు కాబట్టి తుడవనూ లేదు.

"గిన్నె చూపిస్తది, గని ప్రమాణం చెయ్యదు బిడ్డా" అంది ఆమెతో అనసూయమ్మ. "నేను చూసిన అని ఒక మనిషి చెప్పాలె. లేకుంటే జడ్జి సుత ఏం చేస్తడు?"

పేర్లు వేస్తున్న దేవిక ఇంకో గిన్నె అందుకుంది.

నాలుగో ఆదివారం కానిస్టేబులు వచ్చాడు. ఎస్సైగారి బిడ్డ వసుధకు గురువారం ఓణీల ఫంక్షను. వచ్చినవాళ్లకు పంచడానికి వంద డబ్బాలు కావాలి. ముందర వేలాడేవే బాగున్నాయని సార్ జీపులోంచి చూసి చెప్పారట. మీద పాప పేరు, తేదీ వెయ్యాలి. సాయంత్రానికి తీసుకుపోతానన్నాడు.

అనసూయమ్మ తాడు విప్పింది. నిమ్మతొక్క తీసి బూడిదలో అద్దింది. దేవిక ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు పిన్నిగారూ."

"నీ కాయితాలు ఆయన తాన ఉన్నయి బిడ్డా."

"ఉండనివ్వండి."

అనసూయమ్మ నిమ్మతొక్క పారేసి చేతులు కడుక్కుంది.

దేవిక మిషను ఆన్ చేసింది. మూత మీద "చి. వసుధ ఓణీల వేడుక" అని, కింద గురువారం తేదీ వేసింది. డబ్బా తిరగేసి, అడుగున ఆ పాత ఆదివారం తేదీ వేసి, "ఇది నేను చూశాను. దేవిక, మోండా మార్కెట్" అని వేసింది. మొదటి డబ్బా మీద అక్షరం వంకరపోయింది. పదోదానికి గుండ్రంగా కుదిరింది. అబద్ధం కింద ఒకసారి సంతకం చేసిన చెయ్యి అది. నిజం కింద వందసార్లు చేసింది. చివరి డబ్బా అయ్యేసరికి వేళ్లు బొబ్బలెక్కి మండుతున్నాయి. ఆ మంట తనకు తెలుస్తోందని ఆమె గమనించింది.

సాయంత్రం కానిస్టేబులు తుడుపు చూసుకోకుండానే డబ్బాలు తీసుకుపోయాడు. ఫంక్షను బాగా జరిగింది. వచ్చినవాళ్లు లడ్లు పెట్టిన డబ్బాలు పట్టుకుని ఇళ్లకు పోయారు. కొత్త డబ్బా అడుగు ఎవరు చూస్తారు?

శుక్రవారం పొద్దున వంద వంటిళ్లలో వాటిలో వేడి అన్నం పెట్టి మూతలేశారు. మధ్యాహ్నం బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, బళ్లలో తెరిచారు. ఉల్లిగడ్డలు దొర్లాయి. లాఠీ లేచింది. తిన్నవాళ్లు తిన్నారు, తినలేనివాళ్లు మూత పెట్టేశారు. కడుగుతూ తిరగేసినవాళ్లు అడుగున పేరు చదివారు. ఒక వకీలు భార్య కూడా చదివి, డబ్బాను భర్త ఫైళ్ల మీద పెట్టింది.

వసుధ తన డబ్బా క్లాసులో తెరిచింది. సాయంత్రం ఇంటికొచ్చి, యూనిఫాం మార్చకుండానే తండ్రి ముందు నిలబడింది.

"డాడీ, ఆయన ఏం చేసిండు?"

మల్హర్‌రావు "బండి అడ్డం పెట్టిండు" అన్నాడు. అంటుండగానే అది చాలదని అతనికే తెలిసింది. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

ఆ వకీలు పర్వతాలు కేసు తీసుకుని కోర్టులో డబ్బా పెట్టాడు. గుమస్తా అందులో వేడి అన్నం వేశాడు. మెజిస్ట్రేటు చూసి, దీనికి సాక్షి ఎవరని అడిగాడు. దేవిక లేచింది. ముందు ఏమీ చూడలేదని సంతకం పెట్టావు కదా అని పోలీసుల తరఫు వకీలు నిలదీశాడు.

"పెట్టానండి. భయపడి పెట్టాను. అది అబద్ధం. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. కానీ నేను చూశాను."

పర్వతాలును విడిచిపెట్టారు. చెయ్యి వంకరగానే అతుక్కుంది, బరువులు మొయ్యలేడు. అనసూయమ్మ కొట్టు ముందర జాగా ఇస్తే భార్యాభర్తలు నిమ్మకాయలు పెట్టుకున్నారు. దేవిక పాస్‌పోర్టు రాలేదు. చిరునామా రుజువు కాలేదని ఫైలు వెనక్కి పోయింది. కంపెనీవాళ్లు రెండు నెలలు చూసి మానుకోమన్నారు. ఇప్పుడామె వారమంతా పేర్లు వేస్తుంది.

మల్హర్‌రావు ఉద్యోగం పోయింది. అతను చెల్లించిన అసలు మూల్యం అది కాదు. ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది సుఖంగానే బతుకుతున్నారు. ఆ ఇంట్లో, ఈ కొట్లో కొననిదైనా సరే, ఏ స్టీలు కంచంలో అతనికి అన్నం వడ్డించినా ఆ ఆదివారమే తేలుతుంది. ఎంత తోమినా పోదు. వసుధ వంట చేస్తుంది, పెడుతుంది, పలకరిస్తే జవాబిస్తుంది. కాని అతనికి మాత్రం విస్తరాకులోనే పెడుతుంది. అందరూ కంచాల్లో తింటుంటే అతను గోడ పక్కన ఆకు ముందు కూర్చుంటాడు.

వారానికోసారి మోండా మార్కెట్‌కు వచ్చి విస్తరాకుల కట్ట కొనుక్కుని, తల వంచుకుని స్టీలు కొట్టు ముందునుంచి పోతాడు. వేలాడే డబ్బాలు అతన్నీ చూస్తాయి. అవి అమ్ముడుపోయిన రోజు అనసూయమ్మ నిమ్మతొక్కతో అతన్ని తుడిచేస్తుంది.