అరువు జుట్టు

వెదురు కంచె మీద బంగారు రంగు జుట్టు ఆరుతోంది. చుక్క... చుక్క... నీళ్లు కారుతున్నాయి.

అది విగ్గు. అమెరికా హీరోయిన్‌కు బదులుగా నేను జలపాతంలోకి దూకేటప్పుడు నా నల్లజుట్టు మీద పెట్టేది.

మనీలా దాటాక, నది ఒడ్డున, కొబ్బరితోటలో ఆడవాళ్ల జైలు సెట్టు. ఖైదీలం మేము. కాపలావాళ్లను కాల్చి పారిపోవాలి. సినిమా అంతా అదే — చిరిగిన చొక్కాలు, బురద, తుపాకులు, తిరుగుబాటు.

బయట తిరుగుబాటు అన్న మాట పైకి అనకూడదు. దేశమంతా సైనిక పాలన.

మా చెల్లెలు ఇసాంగ్ ఆ మాట అన్నది. కాలేజీ గేటు దగ్గర, మైకులో.

సైనికుల జీపు వచ్చింది. తీసుకుపోయింది.

జీపు వెనక పరుగెత్తాను. ముందు సీట్లో ఉన్నవాడి మొహం మరిచిపోతానా? కాపలావాళ్ల వేషాలకు పక్క క్యాంపు నుంచి నిజం సైనికుల్నే పంపారు. వాళ్లలో వాడూ ఉన్నాడు — సార్జెంట్ దిమాయుగ.

భోజనాల దగ్గర అడిగాను.

"సార్, మా ఇసాంగ్ బతికుందా? అదొక్కటి చెప్పండి చాలు."

వాడు ఎండుచేప ముల్లు ఏరుకుంటూ నవ్వాడు. "షూటింగులో ఆ గోల ఎందుకు లోలెంగక్కా? అన్నం చల్లారిపోతోంది, తిను."

మధ్యాహ్నం వాణ్ణి చంపాల్సింది నేనే.

విగ్గు పెట్టారు. "దొరసాని వచ్చిందే, దారివ్వండి!" అని తోటి ఖైదీలు ఆటపట్టించారు. తుపాకీ ఇచ్చారు. చప్పుడే గాని గుండు ఉండదు. కెమెరా నా వెనక ఉంది. ఎప్పుడూ నా వీపే కావాలి వాళ్లకు. నా కోపాన్ని తర్వాత ఆ హీరోయిన్ నటిస్తుంది, గొడుగు నీడలో.

మాటలు కూడా తర్వాత అమెరికాలో ఎవరో చెబుతారు. ఇక్కడ నేనేం అరిచినా ఎవరికీ పట్టదు.

"నా చెల్లెల్ని ఏం చేశార్రా?"

కాల్చాను. వాడు పడ్డాడు. చొక్కా మీద ఎర్రరంగు పాకింది. మోకాళ్ల మీద కూలబడి కాలరు పట్టుకున్నాను.

"చెప్పరా!"

వాడు కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"చచ్చిపోయానక్కా. చచ్చినోళ్లు మాట్లాడతారా?"

డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. బ్రహ్మాండం అన్నాడు. ఇంకొక్కసారి అన్నాడు.

వాడు లేచాడు. మట్టి దులుపుకున్నాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

మళ్లీ కాల్చాను. మళ్లీ అడిగాను. మళ్లీ లేచాడు...

వీడు ఇన్నిసార్లు లేస్తున్నాడే — నా ఇసాంగ్ ఒక్కసారి లేచి రాదేం?

పొద్దు వాలింది. విగ్గు ఉతికి కంచె మీద ఆరేశారు. చుక్క... చుక్క... ఎర్రగా కారుతోంది.

రేపటికి ఆరిపోతుంది.

రేపు మళ్లీ తిరగబడాలి.