మూడో గుండీ

పొద్దుగాల ఆరింటికే హాస్టల్ నల్లా కాడ బకెట్ల వరుస. సీనియర్లవి ముందు, ఫస్టియరోళ్లవి ఎనక. నయాపూల్ దాటి రెండు గల్లీలు పోతే వచ్చే ఆ హాస్టల్ల కాయిదా గదే. సీనియర్ మాట్లాడుతుంటే వాని అంగీ మూడో గుండీనే చూడాలె, మొహం చూడొద్దు. ఇంకోటి, ప్రతి ఫస్టియరోడు ఒక్కపారన్నా ఏడ్వాలె. ఏడ్చినోన్ని ఆ దినంసంది ఇడిసిపెడ్తరు.

అందరూ ఏడ్చిండ్రు, ఒక్క వెస్లీ తప్ప. ఎట్లేడుస్తడు పాపం! పుట్టినప్పటిసంది వాని దెబ్బలు, వాని కన్నీళ్లు అన్నీ వాళ్లమ్మ రాహేలుకే పోతయి. చిన్నప్పుడు వాడు జల్‌పల్లిల సైకిల్ మీదికెల్లి పడితే, గుడిమల్కాపూర్ మార్కెట్ల పూలల్లుతున్న ఆమె మోకాలు పగిలేది. "ఏంది రాహేలక్కా, పోరడు మళ్ల పడ్డడా?" అని పక్క దుకాణం మున్నీ ఇంత పసుపద్దేది. గంతే, మళ్ల ఎవలి పని వాళ్లది.

ఇప్పుడు పడేటియి సీనియర్ల బెల్టు దెబ్బలు. రాహేలు ఈపు కమిలి నల్లగైంది.

"అమ్మా, నేను ఇంటికొచ్చేస్త" అని వెస్లీ ఫోన్ల బతిలాడిండు.

"బంగారమసొంటి సీటు ఇడిసిపెట్టొస్తవా? నాకేం గాదు బిడ్డా, నేను ఓర్సుకుంట. నువ్వు సదువుకో."

రూమ్మేట్ ఎల్లేష్‌కు పానం ఆగలే. ఆదివారం మధ్యాహ్నం మెస్సులకెల్లి ఉల్లిగడ్డ ముక్క తెచ్చి వెస్లీ పిడికిట్ల పెట్టిండు. "కండ్లకు రుద్దుకో, నీళ్లొస్తయి, పీడ పోతది."

వెస్లీ రుద్దుకున్నడు. సుక్క నీళ్లు రాలే. పైంగ సీనియర్ సోమశేఖర్‌కు వాసనొచ్చింది.

"మమ్ములనే పిచ్చోళ్లను జేస్తున్నవారా?" అని మూలకున్న క్రికెట్ బ్యాటు అందుకున్నడు. "మీయమ్మకు ఫోన్ కొట్టు. స్పీకర్ల పెట్టు. నువ్వు ఏడ్వకుంటే ఆమె ఏడుపన్నా ఇంటం."

ఫోన్ కలిసింది. "కండ్లు మస్తు మండుతున్నయి బిడ్డా, ఏం జేస్తున్నవురా?" అన్నది రాహేలు.

వెస్లీ సోమశేఖర్ కాళ్ల మీద పడ్డడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఆమెకు తగుల్తదన్నా!"

"నాకెరుకే. లెవ్వు."

లేసి నిలబడ్డంక బ్యాటు తల మీద పడ్డది. వెస్లీ కదలలే, మెదలలే. ఫోన్ల గంప బోర్లపడ్డ సప్పుడైంది. "అక్కా! ఓ రాహేలక్కా!" అని మున్నీ ఒర్లింది.

"ఏందిరా, ఆమె గూడ ఏడుస్తలేదు?" అని సోమశేఖర్ ఇంకొకటి భుజం మీద కొట్టిండు.

ఎముక ఇరిగింది. వెస్లీ కెవ్వుమన్నడు. కండ్లల్లకెల్లి బొటబొట నీళ్లు కారినయి. నొప్పంటే గిట్లుంటదా! పద్దెనిమిదేండ్లల మొదటిసారి దెబ్బ వానికే తగిలింది. దాన్ని తీసుకునే అమ్మ ఇంక లేదని వానికి అర్థమైంది.

"ఏడ్చిండురో!" అని సీనియర్లు సప్పట్లు కొట్టిండ్రు. సోమశేఖర్ బ్యాటు మంచం మీద పడేసి నవ్విండు.

"అయిపోయింది పో. ఇయ్యాల్టిసంది నిన్నెవడూ ముట్టడు."

ఫోన్ల మున్నీ ఇంక పిలుస్తనే ఉంది. వెస్లీ మూడో గుండీ మీదికెల్లి కండ్లెత్తి, సోమశేఖర్ మొహం చూసిండు. మంచం మీది బ్యాటు అందుకున్నడు.